కోడ్ కామెంట్లలో, డాక్యుమెంటేషన్‌లో స్పెల్లింగ్ తప్పులు: ఏవి దిద్దవచ్చు, ఏవి ముట్టుకోకూడదు?

పాలమూరు_డెవలపర్ (మహబూబ్‌నగర్)

అందరికీ నమస్కారం. ధాన్యం కాంటా చీటీల కోసం మేము కొందరం కలిసి ఒక ఓపెన్ సోర్స్ ప్రోగ్రాము రాశాము. లారీ నిండు తూకం, ఖాళీ తూకం, తేమ శాతం, తాలు, తరుగు నమోదు చేసుకుని చీటీ అచ్చు వేయడం దాని పని. మిర్యాలగూడ వైపు కొన్ని మిల్లుల్లో దీన్ని రోజూ వాడుతున్నారు. నల్లగొండలో డిగ్రీ చదువుతున్న ఒక విద్యార్థిని ఇటీవల దీనికి ఒక పుల్ రిక్వెస్ట్ (మా కోడులో చేర్చమని కోరే మార్పుల ప్రతిపాదన) పంపారు. అందులో కొత్త సదుపాయమేదీ లేదు. రీడ్‌మీ (ప్రాజెక్టు పరిచయ ఫైలు), ఇన్‌స్టలేషన్ పేజీ, కోడ్ కామెంట్లు (కోడు మధ్యలో మనుషుల కోసం రాసే వివరణలు), ఎర్రర్ సందేశాలు, చివరికి డేటాబేస్‌లోని ఒక కాలమ్ పేరు కూడా, ఎక్కడ ఇంగ్లిష్ స్పెల్లింగ్ తప్పు కనిపిస్తే అక్కడ దిద్ది, అన్నింటినీ ఒకే కమిట్‌గా, అంటే ఒకే మార్పుల కట్టగా పెట్టారు.

దీన్ని ఏం చేయాలన్నది మాలో తేలడం లేదు. నడుస్తున్న కోడును ఒక అక్షరం కోసం కదిలించవద్దని ఒకరి వాదన. తప్పుల తడకగా ఉన్న డాక్యుమెంటేషన్‌ను చూసిన కొత్తవారు లోపలి కోడు కూడా అంతేనని అనుకుంటారని మరొకరి వాదన. నా మటుకు ఇన్‌స్టలేషన్ పేజీలోని తప్పే పెద్దదిగా కనిపిస్తోంది. అక్కడ ఒక ప్యాకేజీ పేరులో అక్షరం ఎగిరిపోయింది. ఆ వరుసను కాపీ చేసి టెర్మినల్‌లో అతికించిన ప్రతివారికీ ప్యాకేజీ దొరకలేదన్న సందేశమే వస్తుంది. దాన్నీ, ఏదో కామెంట్‌లో 'సెపరేట్'కు 'ఏ' బదులు 'ఈ' పడటాన్నీ ఒకే గాటన కట్టలేము కదా. ఇటువంటి ప్యాచ్‌లు (దిద్దుబాటు మార్పులు) వచ్చినప్పుడు మీరేం చేస్తారో చెప్పగలరు.

మిల్లు_లెక్కలు (మిర్యాలగూడ)

నేను ప్రోగ్రాములు రాసేవాణ్ణి కాదు, వాడేవాణ్ణి. అయినా ఆ కాలమ్ పేరు మాట విని రాయకుండా ఉండలేకపోతున్నాను. సాయంత్రం కాంటా మూసిన తరువాత ఆ రోజు పట్టీని మీ ప్రోగ్రాము నుంచి ఎక్సెల్‌లోకి దించుకుంటాము. తేమ శాతం కాలమ్‌కు పైన వచ్చే 'మాయిశ్చర్' అనే పేరులో మధ్య అక్షరం ఒకటి మొదటి నుంచీ లేదు. మా షీటులోని ఫార్ములాలు ఆ తప్పు పేరునే వెతికి పట్టుకుంటాయి. తేమ 17 శాతం దాటిన లారీ వరుస వేరే రంగులో కనిపిస్తుంది, దాని తరుగు విడిగా లెక్క పడుతుంది.

ఆ పేరు మారిన రోజున షీటు ఆగిపోతే ఇబ్బంది లేదు, వెంటనే తెలుస్తుంది. కానీ దొరకని విలువను సున్నాగా తీసుకునేలా మా షీటు తయారు చేసినవారు ఏర్పాటు చేశారు. అంటే పేరు మారిన మరుక్షణం నుంచి వచ్చిన ప్రతి లారీ ఎండిన ధాన్యంగానే కనిపిస్తుంది. ధాన్యం కొనే ఐకేపీ కేంద్రంతోనో రైతుతోనో లెక్క తేడా వచ్చాకగాని విషయం బయటపడదు. ఆ పేరు సరిగా ఉండాలని మాకేమీ పట్టింపు లేదు, ఉన్నట్టు ఉంటే చాలు.

సూర్యాపేట_సిస్టమ్స్ (సూర్యాపేట)

మిల్లు_లెక్కలు గారు చెప్పినదానితో అసలు ప్రశ్న స్పష్టమైంది. తప్పుగా రాసిన మాటను ఎవరు చదువుతున్నారన్నదే చూడాలి. మనిషి ఒక్కడే చదివితే దిద్దేయవచ్చు. మరో ప్రోగ్రామో, షీటో, వేరే యంత్రమో చదువుతున్నట్లయితే అది స్పెల్లింగ్ కాదు, ఒప్పందం. ఆ ఒప్పందంలో తప్పు అక్షరం కూడా ఒక భాగమే.

దీనికి అందరికీ తెలిసిన ఉదాహరణ ఇంటర్నెట్‌లోనే ఉంది. మీరు ఏ పేజీ నుంచి వచ్చారో సర్వరుకు చెప్పే హెచ్‌టీటీపీ హెడర్ పేరు 'రెఫరర్'. ఇంగ్లిష్‌లో దానికి మధ్యలో రెండు 'ఆర్'లు ఉండాలి. 1996లో వచ్చిన హెచ్‌టీటీపీ ప్రమాణ పత్రం ఆర్ఎఫ్‌సీ 1945లో ఒక్కటే ఉంది, ఇప్పటికీ ఒక్కటే. ఆ తరువాత ఎన్నో ఏళ్లకు వచ్చిన 'రెఫరర్ పాలసీ' అనే హెడర్‌ను మాత్రం సరైన స్పెల్లింగ్‌తోనే పెట్టారు. కాబట్టి నేడు ఒకే సర్వరు కోడులో రెండు స్పెల్లింగులూ పక్కపక్కనే ఉంటాయి, రెండూ సరైనవే. యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఫైలు సృష్టించే 'క్రియేట్' పిలుపు చివర 'ఈ' లేదు. యూనిక్స్‌ను మళ్లీ మొదటి నుంచి రూపొందిస్తే ఏం మారుస్తారని అడిగితే, ఆ 'ఈ' చేరుస్తానని దాని రూపకర్తల్లో ఒకరైన కెన్ థాంప్సన్ చమత్కరించిన సంగతి ఈ రంగంలో చాలామందికి తెలుసు. చమత్కరించారే గాని చేర్చలేదు, చేర్చడం ఎవరి తరమూ కాదు.

కామెంట్ల విషయానికి వస్తే, కోడును యంత్రభాషలోకి మార్చే కంపైలరు వాటిని చదవదన్న ధీమా కూడా పూర్తిగా సరికాదు. సీ భాషలో స్విచ్ (విలువను బట్టి దారి ఎంచుకునే ఏర్పాటు) లోపల ఒక కేస్ నుంచి తరువాతి కేస్‌లోకి కావాలనే జారినప్పుడు 'ఫాల్ త్రూ' అని కామెంట్ రాయడం పాత అలవాటు. జీసీసీ అనే కంపైలరు తన 7వ వెర్షన్ నుంచి ఆ కామెంట్‌ను చదివి హెచ్చరికను అణచిపెడుతుంది. అయితే కొన్ని నిర్ణీత రూపాల్లో ఉంటేనే గుర్తిస్తుంది. ఆ మాట బాగా లేదని ఎవరైనా మంచి వాక్యంగా తిరగరాస్తే, ఆగిపోయిన హెచ్చరిక మళ్లీ మొదలవుతుంది. పైథాన్‌లో ఫైలు మొదటి రెండు వరుసల్లో వచ్చే ఎన్‌కోడింగ్ కామెంట్, కోడులో లోపాలు వెతికే లింటర్లను ఆపే 'నో క్యూఏ' కామెంట్, గో భాషలో 'గో బిల్డ్' కామెంట్ అన్నీ ఈ కోవలోనివే. పైథాన్‌లోని డాక్‌టెస్ట్ వాడే ప్రాజెక్టుల్లో డాక్‌స్ట్రింగ్‌లోని (ఫంక్షన్ వెంట రాసే వివరణలోని) ఉదాహరణ కూడా పరీక్షగా నడుస్తుంది. ఇవి పోగా మిగిలిన కామెంట్లు, అంటే చాలావరకు కామెంట్లు, నిర్భయంగా దిద్దవచ్చు.

నల్లగొండ_విద్యార్థిని (నల్లగొండ)

ఆ పుల్ రిక్వెస్ట్ పంపినది నేనే. ఎలా చేశానో చెబితే చర్చకు ఉపయోగపడుతుందని రాస్తున్నాను. కోడ్‌స్పెల్ అనే పైథాన్ పరికరం వాడాను. అది నిఘంటువు పెట్టుకుని తెలియని ప్రతి మాటనూ తప్పు పట్టదు. జనం సాధారణంగా చేసే స్పెల్లింగ్ తప్పుల జాబితా దాని దగ్గర ఉంటుంది, ఆ జాబితాలో ఉన్న మాట కనిపిస్తేనే చూపిస్తుంది. అందువల్ల తరుగు, తాలు, హమాలీ వంటి మాటలను ఇంగ్లిష్ అక్షరాల్లో రాసి పెట్టుకున్న వేరియబుల్ పేర్ల జోలికి అది రాలేదు. అదే నిఘంటువుతో పోల్చి చూసే ఆస్పెల్ నడిపి చూస్తే ఆ పేర్లతోనే తెర నిండిపోయింది.

ఇబ్బంది వచ్చినది మరోచోట. తెలుగుకు అంతర్జాతీయంగా వాడే భాషా సంకేతం 'టీ', 'ఈ' అనే రెండక్షరాలు. కోడ్‌స్పెల్ జాబితాలో అది 'ద' రాయబోయి తప్పు పడిన మాట. మన ప్రోగ్రాములో తెలుగు ఫైలు పేరు వచ్చిన ప్రతి వరుసలోనూ అది అభ్యంతరం చెప్పింది. అదృష్టవశాత్తూ ఆ తప్పుకు సవరణలు ఒకటికి మించి ఉన్నందువల్ల దానంతట అది మార్చలేదు, చూపించి వదిలేసింది. గణితంలో 'అయితే, అయితేనే' అన్న అర్థంలో రెండు 'ఎఫ్'లతో రాసే 'ఇఫ్'నూ పట్టింది.

కాలమ్ పేరును మాత్రం పరికరం పట్టలేదు. అండర్‌స్కోర్‌తో కలిసిన మాటలను అది ఒకే మాటగా చదువుతుంది, లోపలి ముక్కలను విడదీసి చూడదు. రస్ట్‌లో రాసిన టైపోస్ అనే మరో పరికరం అలాంటి పేర్లను విడదీసి చూస్తుంది. ఈ కాలమ్‌ను నేనే కంటితో చూసి మార్చాను. ఎక్సెల్ షీట్ల సంగతి నాకు తెలిసే వీలు లేదు, ఆ కాలమ్ పేరును బయటివారు వాడతారని డాక్యుమెంటేషన్‌లో ఎక్కడా లేదు. ఒక సందేహం కూడా ఉంది. ఇలాంటి ప్యాచ్‌లను అనుభవజ్ఞులు చిన్నచూపు చూస్తారని మా సీనియర్లు అంటున్నారు, నిజమేనా?

వనపర్తి_సర్వర్లు (వనపర్తి)

చిన్నచూపు అనను గాని, అనుమానంగా చూడటం నిజమే, దానికి కారణమూ ఉంది. అప్పట్లో అక్టోబరు నెలలో నాలుగు పుల్ రిక్వెస్టులు పంపితే టీషర్టు ఇచ్చిన హ్యాక్టోబర్‌ఫెస్ట్ అందరికీ గుర్తుండే ఉంటుంది. 2020లో రీడ్‌మీలో ఒక విశేషణం చేర్చడం, ఖాళీ వరుస తీసేయడం, ఉన్న సరైన మాటనే తప్పుగా 'దిద్దడం' వంటి ప్యాచ్‌లు వెల్లువలా వచ్చి ప్రాజెక్టులు నడిపే మెయింటెయినర్లు విసిగిపోయారు. చివరికి ఆ నెలలోనే నిర్వాహకులు నిబంధన మార్చి, పాల్గొంటామని తమంతట తాము ప్రకటించిన రిపాజిటరీలనే (ప్రాజెక్టుల కోడు నిల్వలనే) లెక్కలోకి తీసుకున్నారు. రివ్యూ చేసేవారి సమయానికి కూడా విలువ ఉంది. ఒక అక్షరం మార్చిన ప్యాచ్‌కు కూడా ఆటోమేటిక్ పరీక్షలన్నీ మొదటి నుంచి నడవాలి, ఒక మనిషి చదవాలి. నా అభిప్రాయంలో ఈ ప్యాచ్‌ను మొత్తంగా తిప్పి పంపడమే మేలు.

సూర్యాపేట_సిస్టమ్స్ (సూర్యాపేట)

వనపర్తి గారూ, మొత్తంగా తిప్పి పంపడంతో ఏకీభవించలేను. 2020లో విసిగించినవి దిద్దుబాట్లు కావు, దిద్దుబాటు వేషంలో వచ్చిన చెత్త. నిజమైన తప్పును పట్టుకున్నవారికి కంప్యూటర్ శాస్త్రవేత్త డొనాల్డ్ క్నూత్ తన పుస్తకాల్లో ఒక్కో తప్పుకు 2.56 డాలర్లు ఇస్తూ వచ్చారు, అచ్చుతప్పు అయినా సరే. 256 సెంట్లంటే పదహారు ఆధారంగా లెక్కిస్తే వంద, అదీ అందులోని సరదా. 2008 నుంచి నిజమైన చెక్కులు మానేసి ఊహా బ్యాంకు పేరిట పత్రాలు పంపుతున్నారు గాని, లెక్క మాత్రం ఆపలేదు. లినక్స్ కెర్నెల్‌లో (ఆ ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయలో) కూడా తప్పు స్పెల్లింగ్, దాని పక్కన సరైన స్పెల్లింగ్ ఉన్న ఒక ఫైలు సోర్స్‌లోనే ఉంటుంది. చెక్‌ప్యాచ్ అనే స్క్రిప్టు దాన్ని చదివి, పంపబోయే ప్యాచ్‌లోనే తప్పును చూపుతుంది. అంత పెద్ద ప్రాజెక్టు దీన్ని పనికిమాలిన పని అనుకోలేదు.

దేవరకొండ_టెస్టర్ (దేవరకొండ)

ఎర్రర్ సందేశాల గురించి ఎవరూ మాట్లాడలేదు, ప్రమాదమంతా అక్కడే ఉంది. నేను లోగడ పనిచేసిన ఒక సంస్థలో సర్వరు లాగ్‌లో (జరిగినవి వరుసగా రాసుకునే ఫైలులో) 'అకర్డ్' అన్న మాటకు ఒకటే 'ఆర్' ఉండేది. దాన్ని ఒకరు రెండు 'ఆర్'లతో దిద్దారు, రివ్యూ చేసినవారు సంతోషంగా ఒప్పుకున్నారు. రాత్రిపూట ఆ వరుసను వెతికి ఫోనుకు హెచ్చరిక పంపే స్క్రిప్టు వేరే బృందం దగ్గర ఉంది, అది పాత స్పెల్లింగ్‌నే వెతుకుతుంది. ఆ రోజు నుంచి హెచ్చరికలు రావడం మానేశాయి, అంతా సవ్యంగా ఉందని అందరూ అనుకున్నారు. డిస్క్ నిండి సర్వరు ఆగాకే కారణం వెతికారు.

కాబట్టి సందేశం దిద్దేముందు ఆ మాటను మొత్తం రిపాజిటరీలో వెతకాలి. పరీక్షల్లో పోల్చి చూసే ఫైళ్లు ఉంటే వాటినీ అదే కమిట్‌లో మార్చాలి. బయటి స్క్రిప్టులు ఉండే అవకాశం ఉంటే విడుదల సమాచారంలో పాత వాక్యాన్నీ కొత్త వాక్యాన్నీ పక్కపక్కనే రాయాలి. ఆ తరువాత దిద్దవచ్చు, నేను వద్దనను.

నారాయణపేట_అనువాదకురాలు (నారాయణపేట)

దేవరకొండ గారు చెప్పినదానికి మరో పొర ఉంది. ఈ ప్రోగ్రాములోని తెలుగు సందేశాలు అనువదించినది నేను. అనువాదాలకు వాడే గెట్‌టెక్స్ట్ పద్ధతిలో ఇంగ్లిష్ వాక్యమే తాళంచెవి. పీఓ అనే అనువాద ఫైలులో ఆ వాక్యం కింద తెలుగు వాక్యం ఉంటుంది. మూలంలో ఒక్క అక్షరం దిద్దినా అది కొత్త వాక్యం కిందే లెక్క. మళ్లీ ఫైళ్లను కలిపినప్పుడు పాత తెలుగు వాక్యాన్ని దగ్గరి పోలికగా తెచ్చిపెట్టి, దాని మీద 'ఫజీ' (సరిచూడాల్సినది) అని గుర్తు వేస్తుంది. ఆ గుర్తున్న వాక్యాలు తయారయ్యే ఫైలులోకి వెళ్లవు. ఫలితంగా నిన్నటి దాకా 'ఖాళీ లారీ తూకం నమోదు కాలేదు' అని తెలుగులో చూసిన కాంటా దగ్గరి మనిషికి ఇవాళ ఇంగ్లిష్ వాక్యం కనిపిస్తుంది. స్పెల్లింగ్ సరైన ఇంగ్లిష్ వాక్యమే, కానీ ఆయనకు అక్కరకు రాదు.

పరిష్కారం కష్టమైనది కాదు. అర్థం మారని దిద్దుబాటయితే మూలంలోనూ, అన్ని పీఓ ఫైళ్లలోని ఇంగ్లిష్ వాక్యంలోనూ ఒకేసారి మార్చాలి. అప్పుడు అనువాదం చెదరదు. వచ్చిన పుల్ రిక్వెస్ట్‌లో ఈ పని జరగలేదు, అందుకే సందేశాల భాగాన్ని విడదీయమని నా విన్నపం.

ఇక మన తెలుగు ఫైలులోని తప్పుల సంగతి. వాటిని ఏ పరికరమూ పట్టలేదు. కోడ్‌స్పెల్ జాబితా ఇంగ్లిష్‌కు సంబంధించినది. హన్‌స్పెల్ అనే స్పెల్లింగ్ పరికరానికి తెలుగు నిఘంటువు ఉంది గాని, మన భాషలో ధాన్యానికి, ధాన్యంలోంచి, ధాన్యమంతా అని ఒక మాటకు రూపాలు పెరుగుతూనే ఉంటాయి కనుక సరైన మాటలను కూడా ఎర్రగా గీసి చూపుతుంది. కంటితో వెతికితే అసలు దొరకని తప్పులు కూడా ఉన్నాయి. ఒక సందేశంలో 'ధాన్య౦' అని ఉంది. అందులో చివరిది పూర్ణానుస్వారం కాదు, తెలుగు అంకెల్లోని సున్నా. ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఇచ్చే యూనికోడ్‌లో అనుస్వారం స్థానం 0సి02, అంకె సున్నా స్థానం 0సి66. అచ్చులో పోల్చుకోవడం కష్టం, వెతికితే మాత్రం దొరకదు. మరికొన్ని చోట్ల 'కాలమ్‌లో' అన్న మాట మూడు రకాలుగా ఉంది: మధ్యలో కనిపించని విడదీత అక్షరంతో ఒకటి, అది లేక 'కాలమ్లో' అని వత్తు పడినది ఒకటి, ఖాళీతో 'కాలమ్ లో' అని ఒకటి. మూడింటికీ వెతుకులాటలో మూడు వేర్వేరు ఫలితాలు. ఐత్వాన్ని ఒకే సంకేతంతోనూ రాయవచ్చు, ఎత్వమూ దాని కింది గుర్తూ కలిపి రెండు సంకేతాలతోనూ రాయవచ్చు. చూడటానికి తేడా లేదు, బైట్లలో తేడా ఉంది. ఇది ఒక్కటి మాత్రం ఒకే రూపానికి తెచ్చే ఎన్ఎఫ్‌సీ నార్మలైజేషన్ నడిపితే సరిపోతుంది. సున్నానూ, విడదీత అక్షరాన్నీ అది ముట్టుకోదు, మనమే దిద్దాలి.

ఇంకొక్క మాట. 'కాంటా'ను 'తూనిక యంత్రం' అని 'దిద్దమని' ఎవరో లోగడ సూచించారు. మిల్లులో ఎవరూ అలా అనరు, అది దిద్దుబాటు కాదు.

జడ్చర్ల_కోడర్ (జడ్చర్ల)

కామెంట్లన్నీ ఒకేసారి దిద్దితే ఏ వరుస ఎవరు రాశారో చూపే గిట్ బ్లేమ్‌లో ఆ వరుసలన్నీ దిద్దినవారి పేరు మీదికి వెళతాయి, అసలు రాసినవారు మరుగున పడతారు. గిట్ 2.23 నుంచి కొన్ని కమిట్‌లను బ్లేమ్ లెక్కలోంచి తప్పించే సదుపాయం ఉంది. దిద్దుబాటు కమిట్ సంఖ్యను అందుకోసం పెట్టుకున్న ఒక ఫైలులో రాసి పెడితే చాలు. అందుకైనా దిద్దుబాట్లు వేరే కమిట్‌గా ఉండాలి, కోడు మార్పుతో కలవకూడదు.

'కలర్'లో 'యూ' ఉండటం తప్పు కాదని కూడా రాసి పెట్టుకోండి. మనవారు బడిలో నేర్చుకున్నది బ్రిటిష్ స్పెల్లింగ్. ప్రాజెక్టు మొత్తం ఒక పద్ధతిలో ఉంటే మంచిదే గాని, దాన్ని తప్పుల దిద్దుబాటు పేరుతో మార్చితే అనవసర వాదాలు వస్తాయి. వెబ్ పేజీల రూపాన్ని నిర్ణయించే సీఎస్ఎస్‌లో బూడిద రంగు పేరుకు 'ఏ' స్పెల్లింగూ 'ఈ' స్పెల్లింగూ రెండూ చెల్లుతాయి.

వనపర్తి_సర్వర్లు (వనపర్తి)

విడదీసి పంపే పక్షంలో నాకు అభ్యంతరం లేదు. నా అభ్యంతరం ఒకే కమిట్ మీదే. అయితే పాత ఫైళ్ల మీద ఈ పరికరాన్ని ప్రతివారం నడిపి కొత్త ప్యాచ్‌లు పంపే అలవాటు మాత్రం వద్దు. కెర్నెల్‌లోలాగా కొత్తగా రాసిన వరుసలనే చూసేలా పెట్టండి.

పాలమూరు_డెవలపర్ (మహబూబ్‌నగర్)

అందరికీ ధన్యవాదాలు. నిర్ణయం ఇది. ఇన్‌స్టలేషన్ పేజీ దిద్దుబాటును వెంటనే మెర్జ్ చేశాను (ప్రాజెక్టులో కలిపాను), దానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. రీడ్‌మీ, కామెంట్ల దిద్దుబాటును మరో కమిట్‌గా పంపితే దాని సంఖ్యను బ్లేమ్ మినహాయింపులో చేరుస్తాను. సందేశాలను పీఓ ఫైళ్లతో కలిపి విడిగా పంపాలి, అవి వానాకాలం కొనుగోళ్లు ముగిశాకే విడుదలవుతాయి. కల్లాల్లో ధాన్యం, మిల్లు గేటు ముందు లారీల బారు ఉన్నప్పుడు కాంటా తెర మీద ఏ వాక్యమూ మారకూడదు.

కాలమ్ పేరు తప్పుగానే ఉంటుంది. దాని పక్కన, ఇది తప్పని తెలుసు, బయటి షీట్లు దీన్ని చదువుతాయి, మార్చవద్దు అని ఒక కామెంట్ పెడుతున్నాను. లేకపోతే ఏడాదికొకరు వచ్చి దిద్దుతారు. కొత్తగా వాడేవారి కోసం సరైన పేరుతో ఒక వ్యూ (అదే పట్టికను వేరే పేరుతో చూపేది) ఇస్తాము, పట్టీ దించుకునేటప్పుడు ఏది కావాలో ఎంచుకోవచ్చు. దేన్నీ ఎంచుకోకపోతే పాతదే వస్తుంది.

మిల్లు_లెక్కలు (మిర్యాలగూడ)

పాతదే వస్తుందన్నారు, అది చాలు. మా షీటు తయారు చేసినవారితో ఆ సున్నా ఏర్పాటును కూడా తీయిస్తాను. విలువ దొరకనప్పుడు దొరకలేదనే చూపాలి.

నల్లగొండ_విద్యార్థిని (నల్లగొండ)

మీరు చెప్పినట్టే విడదీసి పంపాను. తెలుగు భాషా సంకేతాన్నీ, గణితంలోని 'ఇఫ్'నూ కోడ్‌స్పెల్ మినహాయింపు జాబితాలో చేర్చాను, మార్చిన ఫైళ్లనే చూసేలా తనిఖీని పెట్టాను. మార్చిన వరుసలకే పరిమితం చేయడం ఇంకా కుదరలేదు. తెలుగు ఫైలులో అంకె సున్నా ఉన్న చోట్లు స్క్రిప్టుతో వెతికితే 'ధాన్య౦' కాక మరికొన్ని మాటల్లోనూ దొరికాయి. వాటిని దిద్దితే చీటీ మీద అచ్చు మారుతుందా?

నారాయణపేట_అనువాదకురాలు (నారాయణపేట)

అంకె సున్నా కొన్ని ఫాంట్లలో కొంచెం పెద్దగా ఉంటుంది కనుక ఆ మాట అచ్చులో ఒక వెంట్రుకవాసి జరగవచ్చు. చీటీ వెడల్పు తక్కువ, వరుస విరిగే చోటు మారుతుందేమో ప్రింటరులో ఒక కాగితం తీసి చూడండి. 'నికర తూకం' వచ్చే వరుస ముఖ్యం, అంకె పక్క వరుసలోకి పోకూడదు. అది సరిగా ఉంటే నేను రివ్యూలో ఒప్పుకుంటాను.